ఘనం, ద్రవం, వాయువు: పదార్థం ఒకటే, నడవడి వేరు

"ఘన పదార్థానికి నిర్దిష్టమైన ఆకారం, నిర్దిష్టమైన ఘనపరిమాణం ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం ఉంటుంది, సొంత ఆకారం ఉండదు. వాయువుకు రెండూ ఉండవు." ఈ మూడు వాక్యాలు మన పిల్లల్లో చాలామందికి కంఠతా వచ్చు. పరీక్షలో రాస్తే మార్కులూ వస్తాయి. అదే పిల్లలను, "వంటగదిలో గ్యాసు లీకైతే అది పైకప్పు వైపు పోతుందా, నేల మీద పరుచుకుంటుందా? ముందు ఏం చేయాలి?" అని అడిగితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. పాఠం పుస్తకంలోనూ, సిలిండరు వంటగదిలోనూ ఉండిపోయి, రెండింటికీ పరిచయం లేకపోతే ఆ చదువు సగం చదువే.

అందుకే ఈ సంచికలో పెద్దలకూ పిల్లలకూ కలిపి ఒక పాఠం చెప్పదలచుకున్నాము. సూత్రాలు తక్కువ, ఇంట్లో కనిపించే సంగతులు ఎక్కువ. చివరి వరకూ చదివి, ఆ తర్వాత మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఇందులోని ప్రశ్నలు అడగవలసిందిగా కోరుతున్నాము.

1. అంతా కణాల అమరికలోనే ఉంది

రాయి, నీరు, గాలి అన్నీ కంటికి కనిపించనంత చిన్న కణాలతో ఏర్పడ్డాయి. కణాల మధ్య ఖాళీ ఉంటుంది. అవి ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఈ మూడు సంగతులు తెలిస్తే మిగతా పాఠమంతా వాటంతట అదే వస్తుంది.

ఘన పదార్థంలో కణాలు దగ్గర దగ్గరగా, తమ తమ చోట్ల ఇమిడి ఉంటాయి. ఉన్నచోటనే కంపిస్తాయి తప్ప చోటు వదలవు. అందుకే ఇటుక ఎక్కడ పెట్టినా ఇటుక ఆకారంలోనే ఉంటుంది. ద్రవంలోనూ కణాలు దగ్గరగానే ఉంటాయి, కానీ ఒకదాని మీదుగా ఒకటి జారగలవు. అందుకే నీరు గ్లాసులో గ్లాసులా, చెంబులో చెంబులా ఉంటుంది. లీటరు నీరు ఎందులో పోసినా లీటరే. వాయువులో కణాలు చాలా దూరదూరంగా ఉండి, గొప్ప వేగంతో అన్ని వైపులా పరుగెత్తుతూ ఉంటాయి. వాటి మధ్య ఆకర్షణ దాదాపు పనిచేయదు. అందుకే వాయువు ఎంత చోటు ఇస్తే అంత చోటూ నింపుకుంటుంది.

కణాలు కనిపించవు కదా, కదులుతున్నాయని ఎలా నమ్మాలి? 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త నీటిలో వేసిన పుప్పొడి రేణువుల నుంచి వెలువడిన అతి సూక్ష్మమైన నలుసులను సూక్ష్మదర్శినిలో చూశాడు. అవి ఎవరూ కదపకుండానే అటూ ఇటూ కంగారుగా కదులుతున్నాయి. నీటి కణాలు నాలుగు వైపుల నుంచీ ఎడతెగకుండా ఢీకొట్టడం వల్లే ఇలా జరుగుతోందని 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టి చూపించాడు. తర్వాత ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్ పెరాన్ ప్రయోగాలతో ఆ లెక్కను రుజువు చేశాడు. అందుకు 1926లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇంట్లో దీనికి చౌకైన రుజువు ఉంది. ఒక గ్లాసులో చల్లటి నీళ్లు, మరో గ్లాసులో వేడి నీళ్లు పోసి, కదపకుండా రెండింటిలో ఒక్కో చుక్క సిరా వేయండి. వేడి నీటిలో సిరా త్వరగా పరుచుకుంటుంది. వేడి పెరిగితే కణాల వేగం పెరుగుతుందనడానికి ఇదే సాక్ష్యం.

2. మూడు సిరంజీల ప్రయోగం

మందుల దుకాణంలో దొరికే మూడు ప్లాస్టిక్ సిరంజీలు తీసుకోండి. సూదులు వద్దు. ఒకదానిలో గాలి, రెండోదానిలో బుడగ లేకుండా నీరు నింపండి. మూడోదానిలో పెద్దలే కరిగించిన మైనం పోసి గడ్డకట్టనివ్వండి. మొన దగ్గర వేలితో గట్టిగా మూసి, పిస్టన్‌ను లోపలికి నొక్కమని పిల్లలకు చెప్పండి.

గాలి ఉన్న సిరంజిలో పిస్టన్ సగం దూరం వరకూ పోతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. నీరు, మైనం ఉన్నవి మాత్రం కదలవు. వాయువులో కణాల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి దాన్ని కుదించవచ్చు. ద్రవంలోనూ ఘనంలోనూ ఖాళీ తక్కువ కాబట్టి కుదించలేము. సైకిలు ట్యూబులో అంత గాలి ఎలా పడుతోందో పిల్లలకు ఇక వేరే చెప్పనక్కరలేదు.

3. పిల్లలు అడిగే చిక్కు ప్రశ్నలు

ఈ పాఠంలో మంచి ప్రశ్నలన్నీ నిర్వచనం దగ్గర ఆగిపోని పిల్లల నుంచే వస్తాయి. అలాంటి ప్రశ్నలను కసురుకోకూడదు.

*గోధుమపిండి డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం తీసుకుంటుంది. మరి అది ద్రవమా?* కాదు. పిండిలోని ఒక్కొక్క రేణువూ తన ఆకారాన్ని తాను నిలుపుకుంటుంది. పైగా పిండిని పళ్లెంలో పోస్తే కుప్పగా నిలుస్తుంది. నీరు అలా నిలవదు.

*స్పాంజిని నొక్కితే కుంచించుకుపోతుంది. మరి అది ఘనమెలా అవుతుంది?* స్పాంజి రంధ్రాలలో గాలి ఉంది. మనం నొక్కినప్పుడు బయటికి పోయేది ఆ గాలి.

*మరుగుతున్న నీటిలో వచ్చే బుడగల్లో ఏముంది?* చాలామంది "గాలి" అంటారు. నీరు వేడెక్కడం మొదలైనప్పుడు వచ్చే చిన్న బుడగల్లో ఉన్నది గాలే. కళపెళ మరిగేటప్పుడు వచ్చే పెద్ద బుడగల్లో ఉన్నది మాత్రం నీటి ఆవిరి, అంటే వాయు స్థితిలో ఉన్న నీరే.

*కెటిల్ మూతి నుంచి తెల్లగా వచ్చేది ఆవిరేనా?* అసలైన ఆవిరి కంటికి కనిపించదు. కెటిల్ మూతికి ఆనుకుని కొద్దిపాటి ఖాళీ జాగా కనిపిస్తుంది చూడండి, అక్కడ ఉన్నదే ఆవిరి. ఆ తర్వాత తెల్లగా కనిపించేది చల్లబడి మళ్లీ నీరుగా మారిన సన్నటి తుంపర.

*చల్లటి షర్బత్ గ్లాసు బయట నీటిబొట్లు ఎక్కడివి?* గ్లాసు కారలేదు. గాలిలోని నీటి ఆవిరి చల్లటి గాజును తాకి ద్రవమైంది. దీన్నే సాంద్రీకరణం అంటారు.

4. వేడి ఎక్కడికి పోతోంది?

మంచుముక్కలను గిన్నెలో వేసి మెల్లగా కలుపుతూ వేడి చేస్తుంటే, మంచంతా కరిగేవరకూ థర్మామీటరు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచి ఉంటుంది. కింద మంట మండుతూనే ఉంది. మరి ఆ వేడి ఏమైంది? కణాల మధ్య ఉన్న పట్టును సడలించడానికి ఖర్చయింది. కనబడకుండా పోయిన ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. నీరు మరిగేటప్పుడూ ఇంతే. ఎంత మంట పెంచినా నీరు త్వరగా ఆవిరవుతుందే గాని దాని ఉష్ణోగ్రత పెరగదు. అన్నం ఉడికేటప్పుడు నీరు ఒకసారి మరిగాక మంట తగ్గించినా ఉడకడం ఆగదు. గ్యాసు మాత్రం ఆదా అవుతుంది.

లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి. అలా వచ్చిన నీరు 0 నుంచి 100 డిగ్రీలకు వేడెక్కడానికి 100 కేలరీలు కావాలి. అదే నీరు పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీలు కావాలి. ఆవిరి మళ్లీ నీరైనప్పుడు ఆ 540 కేలరీలనూ తాను తాకిన చోట విడిచిపెడుతుంది. అందుకే మరిగే నీటి కన్నా అదే 100 డిగ్రీల ఆవిరి చర్మాన్ని ఎక్కువగా కాలుస్తుంది. దమ్ బిర్యానీ మూత తీసేటప్పుడు మన వైపు అంచు కాకుండా అవతలి అంచును ముందు ఎత్తాలని పెద్దలు చెప్పే జాగ్రత్తకు ఇదే కారణం.

ఆ దమ్ కూడా స్థితి మార్పుల పనే. గిన్నె అంచుకు పిండి మెత్తి మూత బిగిస్తాము. లోపలి తడి ఆవిరవుతుంది. మూతకు తగిలి నీటిబొట్లుగా మారి, మళ్లీ బియ్యం మీద పడుతుంది. బయటినుంచి నీరు పోయకుండానే అన్నం మెత్తబడుతుంది, వాసన లోపలే నిలుస్తుంది.

మట్టికుండలో నీరు చల్లబడడానికీ మూలం ఇదే. కుండ గోడల సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలోని నీటి నుంచే తీసుకుంటుంది. పొడిగాలి వీచే ఎండల్లో కుండ బాగా చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిన వానాకాలంలో అంతగా చల్లబడదు.

కొన్ని పదార్థాలు ద్రవం కాకుండానే ఘనం నుంచి నేరుగా వాయువవుతాయి. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు నెల తిరిగేసరికి చిక్కిపోయేది అందుకే. దీన్ని ఉత్పతనం అంటారు.

5. అత్తరు చెప్పే పాఠం

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణంలో నేటికీ పాత పద్ధతిలో అత్తరు తీస్తారు. గులాబీ, మల్లె వంటి పూలను నీటితో కలిపి 'దేగ్' అనే పెద్ద రాగిపాత్రలో వేసి, మూతను మట్టితో మూసి, కింద మంట పెడతారు. పూల పరిమళాన్ని వెంటబెట్టుకుని ఆవిరి వెదురుగొట్టం గుండా 'భప్కా' అనే రెండో పాత్రలోకి వెళుతుంది. ఆ పాత్ర నీటి తొట్టిలో మునిగి ఉంటుంది కాబట్టి ఆవిరి చల్లబడి ద్రవమవుతుంది. భప్కాలో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఆ పరిమళాన్ని పట్టి ఉంచుతుంది. ద్రవం, వాయువు, మళ్లీ ద్రవం. పాఠ్యపుస్తకంలో స్వేదనం అని చదివేది ఇదే.

ఆ అత్తరును ఒకరు రాసుకుని గదిలోకి వస్తే, చివరన కూర్చున్నవారికి కూడా తెలుస్తుంది. పరిమళ కణాలు ఆవిరై, గాలి కణాల మధ్య ఖాళీలలోకి చొరబడి నలుదిక్కులా చేరాయి. దీన్ని వ్యాపనం అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి. వంటగదిలో గ్యాసు లీకైన సంగతి మనకు తెలిసేది కూడా వ్యాపనం వల్లనే.

6. ఒత్తిడి కూడా స్థితిని మారుస్తుంది

స్థితిని నిర్ణయించేది వేడి ఒక్కటే కాదు, ఒత్తిడి కూడా. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందన్నది సముద్రమట్టం దగ్గరి మాట. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి ఒత్తిడి కొంచెం తక్కువ కాబట్టి సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులో ఒత్తిడి పెరిగి, నీరు 120 డిగ్రీల దరిదాపుల వరకూ ద్రవంగానే ఉంటుంది. మాంసం త్వరగా ఉడికేది అందుకే.

ఇదే సూత్రం మీద మన గ్యాసు సిలిండరు పనిచేస్తుంది. అందులో ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. మామూలు ఒత్తిడిలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్దే, బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ వద్దే మరిగిపోతాయి. అంటే బయట ఇవి వాయువులు. ఒత్తిడి పెడితే ద్రవాలవుతాయి. సిలిండరును ఊపితే లోపల కదిలేది ఆ ద్రవమే. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. కాబట్టే 14.2 కిలోల సిలిండరు ఒక కుటుంబానికి వారాల తరబడి సరిపోతుంది. కాబట్టే చిన్న లీకు కూడా చిన్నది కాదు.

2021 వేసవిలో కరోనా రెండో అల వచ్చినప్పుడు ఆక్సిజన్ కోసం జనం పడ్డ పాట్లు ఎవరూ మరచిపోలేదు. ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ సుమారు 860 లీటర్ల వాయువునిస్తుంది కాబట్టి దూరప్రాంతాలకు ద్రవంగానే తరలిస్తారు. అప్పట్లో హైదరాబాదు నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో భువనేశ్వర్‌కు పంపి, నింపినవాటిని నేల మార్గంలో తెచ్చారు. ద్రవ ఆక్సిజన్ ఎంత చలువలో ఉంచినా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. మూసివున్న విమానంలో ఆక్సిజన్ పేరుకుంటే నిప్పురవ్వ చాలు, పెను మంటలు చెలరేగుతాయి. పోయేటప్పుడు గంటల్లో, వచ్చేటప్పుడు రోజు పైగా పట్టిన ఆ ప్రయాణం వెనుక ఉన్నది ఎనిమిదో, తొమ్మిదో తరగతి పాఠమే.

7. విశాఖపట్నం, భోపాల్

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వ్యాపించింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్ ద్రవం. చల్లగా ఉంచాలి. లాక్‌డౌన్‌లో నిలిచి ఉన్న ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి, లోపల రసాయన చర్య మొదలై, దాని వేడికి ద్రవం ఆవిరై బయటపడింది. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు. పైకి ఎగిరిపోలేదు, నేల వెంట పాకింది.

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో జరిగిందీ ఇలాంటిదే. అక్కడి మిథైల్ ఐసోసయనేట్ సుమారు 39 డిగ్రీలకే మరిగే ద్రవం. ట్యాంకులోకి నీరు చేరి, వేడి పుట్టి, వాయువై బయటికి వచ్చింది. అదీ గాలి కన్నా బరువైనదే. ఇళ్లలో నేల మీద పడుకున్న పేదల మీదికి ముందుగా వచ్చింది. రెండు చోట్లా ద్రవంగా ట్యాంకులో ఉన్నంతవరకూ అదుపులో ఉన్న పదార్థమే, వాయువుగా మారగానే ఊరిని కమ్మింది.

ఇలాంటి లీకు జరిగితే ముక్కుకూ నోటికీ తడిబట్ట అడ్డం పెట్టుకోవాలి. గాలి వీచే దిశకు అడ్డంగా, వీలైనంత ఎత్తైన చోటికి వెళ్లాలి.

8. మన వంటగదిలో

వంటగ్యాసు కూడా గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీద, మూలల్లో, గుంటల్లో పేరుకుంటుంది. గాలిలో నూటికి సుమారు 2 వంతుల నుంచి 9 వంతుల వరకూ కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. దానికి సొంత వాసన దాదాపు లేదు. లీకు తెలియడం కోసమే ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన వస్తే చేయవలసినవి ఇవి:

• స్టవ్ నాబ్, రెగ్యులేటర్ కట్టేయాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. గ్యాసు కింద ఉంటుంది కాబట్టి పైనున్న వెంటిలేటర్ ఒక్కటే చాలదు, తలుపు తెరవడం ముఖ్యం.

• ఏ స్విచ్చీ వేయకూడదు, ఆపకూడదు. ఫ్యాను వేస్తే గ్యాసు పోతుందనుకోవడం ప్రమాదం. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వే చాలు.

• అందరూ బయటికి వచ్చాక, బయటినుంచే 1906 నంబరుకు ఫోను చేయాలి. ఇది గ్యాసు లీకుల అత్యవసర నంబరు.

• లీకు అనుమానం ఉంటే సబ్బునురుగు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

• సిలిండరును ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. గ్యాసు అయిపోవస్తోందని పక్కకు పడుకోబెడితే వాయువు బదులు ద్రవమే పైపులోకి రావచ్చు. ఆ ద్రవం 250 రెట్లు వ్యాకోచిస్తుందని పైన చెప్పుకున్నాము.

దావతుల్లో పెద్ద పొయ్యిలు వాడేటప్పుడు సిలిండరు బయట మంచు పట్టినట్టు కనిపిస్తుంది. లోపలి ద్రవం వేగంగా వాయువవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కోవడమే కారణం. మట్టికుండలో జరిగేదే ఇక్కడా జరుగుతోంది. మంట తగ్గిందని కొందరు వంటవాళ్లు సిలిండరును వేడినీటి తొట్టిలో పెడతారు. అది మంచిది కాదు. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. రెండో సిలిండరు కలుపుకోవడమే క్షేమం.

9. మూడింటితో ఆగిపోలేదు

మెరుపులోనూ, సూర్యునిలోనూ, వెలుగుతున్న ట్యూబులైటులోనూ ఉన్నది ప్లాస్మా అనే నాలుగో స్థితి. వాయు కణాల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతే అది ఏర్పడుతుంది. అతి శీతల స్థితిలో ఏర్పడే మరొకటి బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్. మన సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన లెక్క దానికి పునాది. ప్రయోగశాలలో అది 1995లో సిద్ధించింది.

10. పిల్లలను అడగండి

జవాబు ముందు మీరు చెప్పకండి. తప్పు చెప్పినా "ఎందుకనుకుంటున్నావు?" అని అడగండి.

• నిండా నీరు పోసి మూత బిగించిన గాజుసీసాను ఫ్రీజరులో పెడితే ఎందుకు పగులుతుంది? (నీరు గడ్డకట్టినప్పుడు సుమారు నూటికి 9 వంతులు పెరుగుతుంది. మంచు నీటి మీద తేలేదీ అందుకే.)

• తడిబట్ట ఎండలో కన్నా గాలి వీచే నీడలో కూడా ఎందుకు ఆరుతుంది? (నీరు మరగకుండానే, ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా ఉపరితలం నుంచి ఆవిరవుతుంది. గాలి ఆ ఆవిరిని తీసుకుపోతుంది.)

• చలికాలంలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, వేరుశెనగ నూనె కట్టదు. ఎందుకు? (ఒక్కో పదార్థానికి ద్రవీభవన స్థానం వేరు. కొబ్బరినూనెది సుమారు 25 డిగ్రీలు.)

• మన ఇంట్లో రెగ్యులేటర్ ఎలా కట్టాలో నీకు వచ్చా? కట్టి చూపించు.

ఈ పాఠానికి కావలసిన సామాను మూడు సిరంజీలు, రెండు గాజు గ్లాసులు, ఒక సిరాబుడ్డి, ఒక థర్మామీటరు, కొన్ని మంచుముక్కలు. ప్రయోగశాల లేని బడిలోనైనా, ఒకే గది ఉన్న ఇంట్లోనైనా చేయవచ్చు. చివరి ప్రశ్నకు మాత్రం నోటితో వచ్చే జవాబు చాలదు. ఇంట్లో ప్రతి ఒక్కరూ, అమ్మాయిలూ అబ్బాయిలూ నానీ దాదీలతో సహా, వంటగదిలోకి వెళ్లి చేతితో చేసి చూపించాలి.